చెప్పుల దగ్గర ఐదో దినం

మా చెల్లెలు దేవుడికి తెచ్చిన ఎండుచేపల బుట్టను గుడిలోంచి తీసి, బయట చెప్పులు విడిచే చోట పెట్టారు. కోతపండుగ ఆరాధన జరుగుతుండగానే తీశారు. బుట్ట అక్కడుండగానే లోపల మా పాస్టరు అయ్యగారు మైకు ముందు నిలబడి, దేవుడు ఆకాశాన్నీ భూమినీ సముద్రాన్నీ వాటిలో తిరిగే సమస్త జీవులనూ చేసి, చేసిందంతా మంచిదని చూసుకున్నాడని ప్రసంగం చేస్తున్నారు.

జరిగింది ఇదే. ఇందులో నేను కలిపింది ఒక్క ముక్క లేదు. ఎవరికి చెప్పినా "అంతేనా?" అన్నారు. అంతే. ఆ "అంతేనా" అన్నవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

నేను బడిలో చదివినవాణ్ణి కాను. రేపల్లెలో సైకిలు షాపు పెట్టుకుని బతికాను. పంక్చరు వేయించుకునేవాళ్ళు వదిలేసి పోయిన పేపర్లు, పకోడీ పొట్లాలు, గోడల మీది సినిమా బొమ్మల కింది అక్షరాలు, ఇవీ నా పాఠాలు. అక్షరం కుదిరాక పరిశుద్ధ గ్రంథం పట్టుకున్నాను. మొదటి అధ్యాయం చదవటానికి నాకు కష్టమే అనిపించలేదు. ఎందుకంటే అది నాకు అప్పటికే చెవుల్లో ఉంది. ఎలా ఉందో చెప్పకపోతే నా కోపం మీకు అర్థం కాదు.

మా గుడిలో కోతపండుగకి ఒక పద్ధతి ఉండేది. మాసూళ్ళయి పంట ఇళ్ళకి చేరాక ఒక ఆదివారం, ఎవరి చేతికష్టంలో మొదటిది వాళ్ళు తెచ్చి బలిపీఠం మెట్ల మీద పెట్టేవాళ్ళు. వడ్లు తెచ్చేవాళ్ళు, మినుములు తెచ్చేవాళ్ళు, కోడిని కాళ్ళు కట్టి తెచ్చేవాళ్ళు. ఆరాధన అయ్యాక అవన్నీ ఆవరణలో వేలం వేసేవాళ్ళు. ఇంతవరకూ అన్ని ఊళ్ళలో ఉన్నదే. మా ఊళ్ళో ఉన్నది ఇంకొకటి. వేలానికి ముందు మా పాత ఉపదేశిగారు ఆ కానుకలతోనే సృష్టి చెప్పేవారు. ఉపదేశి అంటే, అయ్యగారు వేరే ఊరి గుడికి వెళ్ళిన వారాల్లో మా గుడిని నడిపే మనిషి. పొట్టిగా ఉండేవారు, గొంతు మాత్రం రేవు దాకా వినపడేది.

మొదటి దినానికి దీపం ఎత్తి చూపించేవారు. రెండో దినానికి కుండలో నీళ్ళు. మూడో దినానికి వరికంకులు, గుమ్మడికాయ. నాలుగో దినానికి ఎవరమూ ఏమీ తేలేం కాబట్టి, తలుపు వైపు చెయ్యి చాపి, "అదిగో, అది ఆయనే తెచ్చుకున్నాడు" అని ఎండని చూపించేవారు. ఐదో దినానికి ఒక చేతిలో కోడి, ఇంకో చేతిలో మా అమ్మ తెచ్చిన ఎండుచేపల బుట్ట. కోడి అరిచేది, జనం నవ్వేవాళ్ళు. ఆరో దినానికి ఎవరిదో మేకపిల్లని చూపించి వదిలేసి, ఖాళీ చేతులు కిందికి దించి మా అందరి వంకా చూసేవారు.

"ఇక మిగిలింది మీరే. లేచి నిలబడండి," అనేవారు.

లేచేవాళ్ళం. కోతలనుంచి, కుప్పలనుంచి వచ్చినవాళ్ళు. కాళ్ళు కడుక్కున్నా మడమ పగుళ్ళలో నల్లమట్టి ఉండనే ఉండేది. ఉపదేశిగారు ఆ కాళ్ళు చూపించి, "ఆయన చేసిన మట్టి ఇంకా వదల్లేదు చూడండర్రా," అనేవారు. ఆ ఒక్క మాటతో మనిషిని మట్టిలోంచి చేశాడన్నది నాకు తెలిసిపోయింది. తర్వాత ఎన్ని ప్రసంగాలు విన్నానో. ఒక్కరూ అంత దగ్గరగా చెప్పలేదు.

ఇక మా అమ్మ సంగతి. ఆవిడ నిజాంపట్నంలో ఎండబెట్టిన చేపలు తట్టలో పెట్టుకుని రేపల్లె చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేది. అటు పెనుమూడి దాకా వెళ్ళేది. నెత్తళ్ళు, సావిడాయలు, ఎండురొయ్యలు. అందరూ కొనేవాళ్ళు. అందరూ తినేవాళ్ళు. కానీ తట్ట దించటం దగ్గరే చిక్కొచ్చేది. "అక్కడే, అక్కడే, వాకిట్లోనే దించు. అరుగు ఎక్కించకు, కంపు," అనేవాళ్ళు. ఆ కంపు మధ్యాహ్నానికి వాళ్ళ వంటింట్లో పులుసై ఉడికేది, అప్పుడు కంపు కాదు. నేను అమ్మ వెనక నడిచిన రోజుల్లో విన్న మాటలివి. ముక్కు మూసుకోవటం చేపకేనా, తట్ట మోసిన మనిషికా అన్నది అడిగేంత తెలివి అప్పుడు లేదు. ఇప్పుడుంది. అడిగే గొంతు కూడా ఉంది.

మా అమ్మ తట్ట గడప దాటి లోపలికి వెళ్ళిన ఇల్లు ఒక్కటే. గుడి. అందుకే ఆవిడ ఒక ఒట్టు పెట్టుకుంది. వానలు పోయి కొత్త ఎండుచేప మొదలయ్యాక, మొదటి బుట్ట గుడికి చేరేదాకా మా ఇంట్లో ఎవరమూ ఎండుచేప నోట ముట్టకూడదు. చేతినిండా చేపలు తిరగేసి, ఆ చేతులతోనే గోంగూరతో అన్నం కలుపుకునేవాళ్ళం. బుట్ట గుడి మెట్ల మీద కూర్చున్న రోజు మా ఇంట్లో పండగ.

అమ్మ పోయాక ఆ పని, ఆ ఒట్టు రెండూ మా చెల్లెలికి వచ్చాయి. దాన్ని నిజాంపట్నం దగ్గర పల్లెలోనే ఇచ్చాం. మొగుడు పోయాడు. పిల్లలు వాళ్ళ కాపురాల్లో వాళ్ళున్నారు. హార్బరులో చేపలు కొని ఇసుక మీద వలలు పరిచి ఎండబెట్టుకుంటుంది. వాళ్ళ పల్లెలో గుడి ఉంది, మామూలు ఆదివారాలు అక్కడికే వెళ్తుంది. కోతపండుగకి మాత్రం బస్సెక్కి రేపల్లె వస్తుంది. "అమ్మ బుట్ట పెట్టిన మెట్లు అక్కడున్నాయి, ఇక్కడ లేవుగా," అంటుంది.

మెట్లు ఉన్నాయి. మిగిలినవి మారాయి. పాత ఉపదేశిగారు ఎప్పుడో పోయారు. రోజుకొక కానుక ఎత్తి చెప్పే పద్ధతి ఆయనతోనే పోయింది. గుడికి అద్దాల కిటికీలు వచ్చాయి. రెండేళ్ళ కిందట ఏసీలు వచ్చాయి. ఏసీ వచ్చాక తలుపులు మూసేశారు. ఉపదేశిగారు చెయ్యి చాపి చూపించిన నాలుగో దినం అద్దం అవతలే ఆగిపోయింది. ఇక ఐదో దినం వంతు.

ఆ రోజు బలిపీఠం మెట్ల నిండా తెనాలి నుంచి తెప్పించిన యాపిల్స్, పింకురంగు డ్రాగన్ పళ్ళు, ప్లాస్టిక్ కవరు విప్పని దానిమ్మలు, ఒక కేకు. కష్టపడి పండించినవి ఏవిరా అని చూస్తే నాలుగు వరికంకులు కనిపించాయి, అవీ అలంకారానికి. మా చెల్లెలు అరిటాకు కప్పిన బుట్ట తీసుకొచ్చి ఆ మెట్ల చివర పెట్టి, దణ్ణం పెట్టి, ఆడవాళ్ళ వైపు వెళ్ళి కూర్చుంది. నేను మగవాళ్ళ వైపు ఉన్నాను. ప్రసంగానికి ముందు పాటలో అందరూ లేచి నిలబడ్డారు. ఆ జనం సందులోంచి గంట కొట్టే ఆయన దేనిమీదో తువ్వాలు కప్పి పక్క తలుపులోంచి మోసుకుపోవటం కనిపించింది. ఏ కుర్చీకి అడ్డమొచ్చిన సామానో అనుకున్నాను.

ప్రసంగం బాగుంది. అబద్ధం చెప్పను. కొత్త అయ్యగారు చిన్నవాడు, చదువుకున్నవాడు, గొంతున్నవాడు. వెలుగు కలుగుగాక అన్న చోట లైట్లు వెలిగించే ఏర్పాటు కూడా చేశారు. సముద్రం దగ్గరికి వచ్చేసరికి, తిమింగలాలు, గుంపులు గుంపులుగా చేపలు అంటూ చేతులు ఈదించారు. "దేవుడు చూశాడు, మంచిదన్నాడు! ఏమన్నాడు?" అని అడిగారు. జనం "మంచిది!" అని అరిచారు. మా చెల్లెలూ అరిచింది. దాని గొంతు నాకు వినపడింది.

వేలం మొదలైంది. యాపిల్స్ పోయాయి, కేకు పోయింది. చెల్లెలు కొంగు బిగించి ముందుకొచ్చి నిలబడింది. దాని బుట్ట వేలంపాటకి వచ్చినప్పుడు జనం ఎగతాళిగా, ముచ్చటగా పాడతారు. "రాత్రికి పులుసుందర్రోయ్!" అని ఎవరో ఒకరు అరుస్తారు. దానికి ఆ అరుపంటే ఇష్టం. వేలంపాట అయిపోయింది. "ఇంకేం లేవండి, ప్రార్థనతో ముగిద్దాం," అన్నారు మైకులో.

బుట్ట చెప్పుల దగ్గర దొరికింది. ఎవరో చూసుకోకుండా విడిచిన హవాయి చెప్పు ఒకటి అరిటాకు మీద పడి ఉంది.

మా చెల్లెలు ఆ చెప్పు తీసి, దాని జత ఎక్కడుందో వెతికి, పక్కన పెట్టింది. బుట్ట నెత్తికెత్తుకుంది. నేను అరుస్తూ ఉన్నాను, అది నడుస్తూ ఉంది. బస్టాండు దాకా అలాగే వెళ్ళాం.

"ఉండవే, ఇప్పుడే తేలుస్తాను వీళ్ళ సంగతి," అన్నాను.

"నువ్వేం తేల్చొద్దు అన్నయ్యా. అరిస్తే నీకే ఆయాసం. ఎవరు తీయించారో కనుక్కో, చాలు."

"కనుక్కుంటే?"

"ఏం లేదు. నేనే తీయించాను అని ఒక్కళ్ళు అంటే చాలు. కొట్టడానికా, తిట్టడానికా? ఆ మాట వింటే మళ్ళీ తెస్తాను. వినకపోతే మాత్రం... నేను ఆ బుట్ట దేవుడికి పెట్టానో లేదో నాకే తెలీట్లేదు. పెట్టినట్టు కాదుగా ఇది?"

"మరి ఇంట్లో ఎండు?"

"ఎట్టా ముడతాను? అమ్మ ఒట్టుందిగా."

అలా మొదలైంది. చేపలు ఎండబెట్టి బతికే మనిషి, చేప ముట్టకుండా కూర్చుంది. ఇంత పెద్ద సంఘంలో "నేనే" అనే మనిషి ఒకడు కావాలి. ఒక్కడు. దానికోసం నేను తిరిగిన తిరుగుడు చెబుతాను.

మొదట గంట కొట్టే ఆయన. నన్ను చూడగానే చీపురు తీసుకుని ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాడు.

"నాకేం తెలుసండి పెదనాన్నా. తియ్యమన్నారు, తీశాను."

"ఎవరు?"

"పెద్దలండి. కమిటీ. నా ఉద్యోగం ఊడబెరక్కండి."

కమిటీ పెద్ద అంటే, ఏదో ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసి రిటైరైనవాడు. వాడి మొదటి సైకిలుకి చైను వేసింది నేనే. పొద్దున పూట టీ కొట్టు దగ్గర దొరికాడు, నలుగురిలో.

"బాబాయ్, నువ్వు కాస్త అర్థం చేసుకోవాలి. ఏసీ వేశాం, తలుపులు మూశాం. ఇంకో పక్క లైవ్ పోతుంది. దుబాయిలో వాళ్ళు, ఎక్కడెక్కడివాళ్ళో చూస్తారు."

"లైవ్‌లో వాసన కూడా పోతుందేంట్రా?"

టీ కొట్టు నవ్వింది. వాడు నవ్వలేదు.

"అది కాదు. అమ్మగారికి తలనొప్పి వచ్చిందంట ఆ వాసనకి. అయినా దేవుడు చేసిందే కదా, మేమేమన్నా కాదన్నామా?"

"ఐదో దినాన చేసి మంచిదన్నాడు. మీరు చెప్పుల్లో పెట్టారు."

"దేవుడు మంచిదని చూశాడు బాబాయ్. వాసన చూశాడని ఎక్కడా లేదుగా!"

ఈసారి టీ కొట్టు వాడి వైపు నవ్వింది. ఇంటికొచ్చి కళ్ళజోడు తుడుచుకుని గ్రంథం తిరగేశాను. వారం తిరక్కుండా దొరికింది. జలప్రళయం తగ్గాక ఓడలోంచి దిగిన పెద్దాయన జంతువుల్ని దహనబలి ఇస్తే, దేవుడు ఆ వాసన చూశాడు, ఆయనకి నచ్చింది. ఉంది! దేవుడికి ముక్కుంది! పరుగులాంటి నడకతో టీ కొట్టుకి వెళ్ళి వాడికి వేలు పెట్టి చూపించాను. వాడు చదివి, పుస్తకం మూసి, మర్యాదగా నా చేతిలో పెట్టాడు.

"అది కాల్చింది బాబాయ్. మీది ఎండబెట్టింది. కాల్చుకురమ్మను, అప్పుడు చూద్దాం."

ఇంకోసారి నవ్వు. నాకు ఆ రోజు అర్థమైంది, వాక్యంతో గెలవటం నావల్ల కాదని. వాక్యం ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. చెప్పు కింద నలిగిన బుట్ట మాత్రం ఒకటే మాట చెబుతుంది.

అమ్మగారంటే అయ్యగారి భార్య. మంచి మనిషి. నేను వెళ్ళేసరికి టీ పెట్టి, బిస్కట్లు ముందుకు జరిపారు.

"నాకు తలనొప్పా? లేదండి తాతగారూ. ఆ రోజు నేను సండేస్కూలు పిల్లలతో వెనక గదిలో ఉన్నాను కదండి. బుట్ట సంగతి నాకు తర్వాతే తెలిసింది." అని, గుమ్మం వంక చూసి, "కమిటీవాళ్ళు అనుకుని ఉంటారండి," అన్నారు.

ఆవిడ ముఖంలో అబద్ధం లేదు. భయం ఉంది. ఎవరి గురించిన భయమో నాకు ఆ రోజు తట్టలేదు.

అయ్యగారు నన్ను చూసినప్పుడల్లా బండి స్టార్టు చేస్తూనే ఉన్నారు. "రేపు కూర్చుని మాట్లాడదాం తాతగారూ, వందనాలు," అంటూ వెళ్ళిపోయారు. ఆ రేపు రాలేదు. కమిటీ అమ్మగారి మీద పెట్టింది, అమ్మగారు కమిటీ మీద పెట్టారు, గంట ఆయన పెద్దలందరి మీదా పెట్టాడు. ఇక దేవుడి మీద పెట్టటం ఒక్కటే మిగిలింది. అదీ అయింది, తెనాలిలో.

తెనాలిలో మా ప్రాంతపు గుళ్ళన్నిటి మీదా ఉండే పెద్ద అయ్యగారు ఉంటారు. రైలెక్కి వెళ్ళాను. మెత్తని సోఫాలో కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, కళ్ళు మూసుకుని విన్నారు. విన్నారో, కునుకు తీశారో నాకు ఇప్పటికీ అనుమానమే.

"తాతగారూ, ఇది చాలా చిన్న విషయమండి."

"పండు ఒకటి కొరికినంత చిన్నదండి," అన్నాను.

ఆయన కళ్ళు తెరిచారు.

"ఎవరు చేశారన్నది ముఖ్యం కాదు. సంఘంలో సమాధానం, శాంతి ముఖ్యం. ఒక బుట్ట కోసం సంఘాన్ని చీల్చకండి. దేవుడు కూడా దీన్ని ఏదో మేలుకే జరగనిచ్చి ఉంటాడు."

"దేవుడు తీశాడంటారా బుట్టని?"

"అలా కాదండి..."

"మరి ఎవరు తీశారండి?"

"ప్రార్థన చేద్దాం," అన్నారు. చేశారు. పొడుగు ప్రార్థన. అందులో నా పేరు ఉంది, నా ఆరోగ్యం ఉంది, తెనాలి నుంచి క్షేమంగా వెళ్ళటం ఉంది. బుట్ట లేదు.

చెల్లెలికి ఏం చెప్పాలో తెలియక నిజాంపట్నం వెళ్ళాను. అది ఇసుక మీద వంగి నెత్తళ్ళు తిరగేస్తోంది. వెండి రేకులు ఎండలో పోసినట్టు ఉంది ఆవరణంతా. ఇదే వాసనలో నేను పెరిగాను. ఇదే వాసనలో దేవుణ్ణి విన్నాను. పక్కన ఎవరి పొయ్యి మీదో ఎండురొయ్యలు వేగుతున్నాయి. పని ఆపి కూర్చున్న మా చెల్లెలి ముందు పళ్ళెంలో అన్నం, పక్కన ఎర్రటి పచ్చడి.

"ఎన్నాళ్ళు తింటావే పచ్చడి? నీ ఒంట్లో ఏముందని?" అని కసిరాను.

"నువ్వు కోపంతో బతకట్లా? నేను పచ్చడితో బతుకుతున్నా. ఎవరు నంజుకునేది వాళ్ళు నంజుకుంటారు," అని నవ్వింది. తర్వాత నవ్వకుండా అడిగింది, "ఎవరన్నా ఒప్పుకున్నారా?"

"లేదు."

"ఒక్కళ్ళు కూడా?"

"ఒకళ్ళ మీద ఒకళ్ళు పెడుతున్నారు."

చెల్లెలు చేతికంటిన పొలుసు దులుపుకుంది. "నాకు తీసినందుకు కాదు అన్నయ్యా బాధ. అమ్మ తట్టని వాకిట్లో దించమన్నవాళ్ళు ముఖాన చెప్పేవాళ్ళు. ఫలానా ఇంటావిడ అంది అని మనకి తెలిసేది. వీళ్ళు తువ్వాలు కప్పి తీశారు. ఎవరి మీద అలగాలో కూడా తెలీట్లేదు. మనిషి మీద అలిగితే పోతుంది. గుడి మీద అలిగితే ఎక్కడికి పోవాలి?"

బస్సులో వస్తూ పళ్ళు నూరుకున్నాను. ఊడటానికి ఎక్కువ మిగల్లేదు, ఉన్నవి నూరుకున్నాను.

వేసవిలో బాపట్లలో సభలు పెట్టారు. సాయంత్రం పూట షామియానాలు, కుర్చీలు, పెద్ద తెర. మా కొత్త అయ్యగారిది ప్రసంగమని గోడల మీద ఫొటో వేశారు. అంశం, దేవుడు మనిషిని ఎందుకు చేశాడు. ఎందుకు చేశాడో నేను కూడా తెలుసుకుందామని వెళ్ళాను. వెనక వరసలో, చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను.

మళ్ళీ వెలుగు, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ ఈదే చేతులు. మట్టి తీసి బొమ్మ చేసి ఊపిరి ఊదటం దాకా వచ్చారు. ఆ తర్వాత తోటలోకి వెళ్ళారు.

"దేవుడు తోటలోకి వచ్చి, ఏమయ్యా, ఆ పండు తిన్నావా అని అడిగాడు. మన మొదటి నాయన ఏమనాలి? తిన్నాను ప్రభువా అనాలి. ఒక్క మాట! అన్నాడా? అనలేదు! ఏమన్నాడు? నువ్విచ్చిన ఆవిడే ఇచ్చింది, తిన్నాను అన్నాడు." అని, పక్కన ఆవిడ నిలబడి ఉన్నట్టే అటు వేలు చూపించారు. జనం నవ్వారు. "ఆవిడేమంది? పాము అంది." వేలు కిందికి. "పాముకి వేలు లేదు కాబట్టి ఆగింది! లేకపోతే అదింకొకళ్ళని చూపించేది!"

జనం పడీపడీ నవ్వారు. నా పక్కనున్న ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "ఎంత బాగా చెబుతాడండి బాబూ," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత తెలుసు. ఇంత బాగా తెలుసు. వేలు ఎటు చూపించాలో, ఎక్కడ ఆపాలో, జనం ఎక్కడ నవ్వుతారో అన్నీ తెలుసు. తెలియక చేసినవాణ్ణి వదిలేయొచ్చు. నిజాంపట్నంలో ఒక ముసలిది పచ్చడి మెతుకులు తింటోంది, ఇక్కడ ఈయన హవ్వ మీద వేలు చూపించి చప్పట్లు కొట్టించుకుంటున్నాడు. కర్ర పట్టుకుని లేచాను. ప్రార్థన అయ్యేదాకా నిలబడే ఉన్నాను. వెనకవాళ్ళు "కూర్చో పెద్దాయనా, కనపడట్లా" అంటే, "నాకు కనపడుతుంది," అన్నాను.

భోజనాలు పెట్టారు. అయ్యగారు వేదిక పక్కన ఒక్కరే నిలబడి తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నారు. నన్ను చూసి బండి వెతికారు. బండి దూరంగా ఉంది.

"వందనాలు తాతగారూ. ఇంత దూరం వచ్చారే! భోంచేశారా?"

"మా చెల్లెలు చెయ్యట్లేదు," అన్నాను. "ఆవిడ ఎండుచేప ముట్టి చాలా కాలమైంది. దేవుడికి పెట్టందే ముట్టదు. పెడితే మీరు చెప్పుల్లో పెట్టారు. అది అడిగింది ఒక్కటే. ఎవరు తీయించారో, ఆ మనిషి నేనే అంటే చాలంట. మళ్ళీ తెస్తానంది. మిమ్మల్ని తిట్టదు. తిట్టేది నేను. నన్ను వదిలేయండి. దానికి చెప్పండి. ఎవరు తీయించారు?"

"తాతగారూ, అది నిజానికి కమిటీవాళ్ళు..."

అన్నారు. చెయ్యి కూడా లేచింది, రేపల్లె ఎటో అటు. వేలు సగం చాపి ఉంది. అంతలో ఆయన దాన్ని చూసుకున్నారు. అంతసేపు వేదిక మీద ఆడించిన వేలే. మెల్లగా దాన్ని మడిచి, తువ్వాల్లో దాచుకున్నట్టు దించారు. వడ్డించేవాళ్ళు ఆయన కోసం విస్తరి పట్టుకుని పిలుస్తున్నారు. ఆయన వాళ్ళ వైపు చూడలేదు. నేను కదల్లేదు. తిట్లన్నీ నోట్లో సిద్ధంగా ఉన్నాయి, వచ్చేటప్పుడు బస్సులో వరసలో పెట్టుకున్నవి. వాటిని ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తుండగా ఆయన మాట్లాడారు. మైకు గొంతు కాదు.

"నేనే తీయించానండి. పాట జరుగుతుండగా గంట ఆయన్ని పిలిచి, నేనే చెప్పాను. ఎవరూ నాకు చెప్పలేదు. మా ఆవిడకి తలనొప్పని కమిటీకి చెప్పింది కూడా నేనే. ఆమెకి ఆ రోజు ఏ తలనొప్పీ లేదు. మీరు వెళ్ళి చెల్లెలిగారికి చెప్పకండి, నేనే వచ్చి చెబుతాను. నిజాంపట్నానికి పొద్దున మొదటి బస్సు ఎన్నింటికండి?"